మూడోసారి తిరిగిన రీలు

నా చిన్నప్పుడు మా నాన్న నవ్వడం నేను ఒకే ఒక్కసారి చూశాను. ఆయన కోపిష్టి ఏమీ కాదు. పోర్టులో క్రేన్ మీద రోజంతా కూర్చుని ఇంటికొచ్చే మనిషికి నవ్వే ఓపిక మిగిలేది కాదు, అంతే. షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా ఇనుప ఖనిజం ధూళి ఎర్రగా ఉండేది. స్నానం చేసి, అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకునేవారు. నాకు ఆయనంటే భయంగా ఉండేది. ఆ భయం ఒక్క ఆదివారం పూట పోయింది. ఆ పూట మా చిన్నమావయ్య సముద్రం ఒడ్డున సినిమా తీశాడు, ఆ సినిమాలో నాన్న నవ్వారు. ఆ నవ్వు ఫిల్ము మీద పడింది. దాన్ని పాడుచేసింది నేను. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

చిన్నమావయ్య అంటే అమ్మకు తమ్ముడు. పద్మనాభం దగ్గర పల్లె నుంచి అక్క వెంట విశాఖపట్నం వచ్చి, మా ఇంట్లోనే పెరిగి, రేవులో ఓడలకు మంచినీళ్లు ఎక్కించే పనిలో కుదిరాడు. నాన్న పోర్టు క్వార్టర్లో మేముంటే, రెండు వీధుల అవతల ఒక గది తీసుకుని ఉండేవాడు. తిండి మాత్రం మా ఇంట్లోనే. ఓడల వాళ్లతో వచ్చీరాని ఇంగ్లీషులో స్నేహాలు చేసేవాడు. ఒకసారి ఎవరో పరదేశపు నావికుడు ఒక గంప సువర్ణరేఖ మామిడిపళ్లు తీసుకుని, బదులుగా చిన్న సినిమా కెమెరా ఒకటి, రెండు రీళ్లు ఇచ్చి వెళ్లాడు. అరచేతిలో పట్టేంత కెమెరా. పక్కన కీ తిప్పి వదిలితే గిర్రుమంటూ నడిచేది. ఆ రోజు నుంచి మావయ్యకు నేల మీద కాళ్లు ఆనలేదు.

ఆ రీలు సంగతి కాస్త చెప్పాలి. దానికి రెండు వైపులుంటాయి. ఒకవైపు బొమ్మ పడ్డాక మూత తీసి, చుట్టను తిరగేసి పెట్టి, మళ్లీ నడిపితే రెండోవైపు పడుతుంది. రెండూ అయ్యాక బొంబాయి పంపితే అక్కడ కడిగి, నిలువునా రెండుగా చీల్చి, అతికించి పంపేవారు. ఒక్కో వైపు రెండు నిమిషాలు. నాలుగు నిమిషాల బొమ్మ కోసం నెలల తరబడి ఎదురు చూడాలి. చుట్ట తిరగేసేటప్పుడు వెలుతురు తగలకూడదు. అందుకని మావయ్య ఎండాకాలంలో కూడా నిండా దుప్పటి కప్పి, లోపల నన్ను కూర్చోబెట్టి, చీకట్లో ఆ పని నా చిన్న వేళ్లతో చేయించేవాడు. "కంటితో కాదే అమ్మలూ, సేత్తో సూడాల," అనేవాడు. నేను నాలుగు రోజుల్లో నేర్చేసుకున్నాను. మా మేనకోడలు చీకట్లో రీలు ఎక్కిస్తుందని రేవంతా చాటింపు వేశాడు. నాకు పదేళ్లు. అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

మొదటి రీలు మొత్తం మావయ్య ఓడలకే తగలేశాడు. దాన్ని చూసి అమ్మ ఊరుకుంటుందా? "కదలని ఓడకి సినిమా ఏట్రా, పోటో సాలదేటి?" అని నెల రోజులు ఆటపట్టించింది. ఆ మాట తగిలి, రెండో రీలు మీద కథ తీస్తానని శపథం చేశాడు. ఎండుచేపల మూట ఎత్తుకుపోయే దొంగ, వాణ్ని తరిమే పోలీసు. ఇంతే కథ. దొంగ నాన్న, పోలీసును నేను. చేపలావిడ వేషం అమ్మకు ఇచ్చాడు కానీ అమ్మ ససేమిరా అంది. "ఇంకోపాలి మంచి సీర కట్టుకుని వత్తాను, అప్పుడు తియ్యిరా. ఇయ్యాల నన్ను ఒగ్గెయ్," అని క్యారియర్ పక్కన పెట్టుకుని ఇసకలో కెమెరాకు వెనకాల కూర్చుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

నాన్న ఎలా ఒప్పుకున్నారో నాకిప్పటికీ తెలీదు. తలకు తువ్వాలు చుట్టి, బొగ్గుతో మీసం దిద్దుకుని, మూట భుజాన వేసుకుని, డ్యూటీకి వెళ్తున్నట్టు నెమ్మదిగా నడిచారు. మావయ్య కెమెరా దించి నెత్తి కొట్టుకున్నాడు. "ఏటి బావా, దొంగోడు అలగ నడుత్తాడేటి? పరిగెట్టు!" నాన్న పరిగెత్తారు. అట్టముక్కతో చేసిన టోపీ పెట్టుకుని, కర్ర పుచ్చుకుని నేను వెంటపడ్డాను. తడి ఇసకలో ఆయన కాలు జారి పడ్డారు, నేను ఆయన మీద పడ్డాను, మూట విప్పుకుని ఎండుచేపలన్నీ అలలో పడ్డాయి. అప్పుడు నవ్వారు నాన్న. పొట్ట పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వుతూనే లేచి, ఇక చాలు అన్నట్టు చెయ్యి ఊపుతూ కెమెరాకు ఎదురుగా నడిచొచ్చారు. ముఖమంతా నవ్వే. సరిగ్గా అక్కడ మొదటివైపు అయిపోయింది. రెండోవైపు మీద నేను, అలలు, యారాడ కొండ, ఒక పీత, మావయ్య కాళ్లు పడ్డాయి.

మావయ్యకు మతిమరుపు. నిండిన రీలును మళ్లీ నడిపి, బొమ్మ మీద బొమ్మ తీసేస్తాడేమోనని తనకు తనే ఒక నియమం పెట్టుకున్నాడు. రెండువైపులా పూర్తయితే కెమెరా పట్టీకి పసుపుతాడు కట్టాలి. తాడు ఉన్న కెమెరాను ముట్టుకోకూడదు. ఆ సాయంత్రం దేవుడి గూట్లోంచి దారం తీసి, పసుపు రాసి, మూడు ముడులు వేసి కట్టింది నేనే.

బొంబాయి వెళ్లేవాళ్లు ఎవరైనా దొరికితే పంపుదామనుకున్నాం. దొరికేలోగా నాన్నకు జ్వరం వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి. పసరు మందు పోయించారు, పథ్యం పెట్టారు, ఆ తర్వాత ఆస్పత్రిలో చేర్చారు. మూడో వారంలో నాన్న పోయారు. కెమెరా అలమారలో అలాగే ఉండిపోయింది.

మా వైపు పదో రోజున ఇంట్లో పసుపు, కుంకుమ, పువ్వులు, గాజులు అన్నీ భర్త పోయిన మనిషి కంటికి కనబడకుండా తీసేస్తారు. ఆనందపురం నుంచి వచ్చిన మా పెద్దత్త, నాన్నకు అక్క, ఆ పని దగ్గరుండి చేయించింది. అలమార తెరిచి చూసి, "ఇంకా ఈ ఇంట్లో పసుపుతాడు ఏటి?" అంటూ కెమెరాకున్న దారాన్ని కత్తెరతో కత్తిరించి, చెత్తలో పడేసింది. ఆవిడకు సినిమా సంగతి తెలీదు. నేను గుమ్మం పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను, నోరెత్తలేదు.

ఆ తర్వాత అమ్మ తిండి మానేసింది. భర్త పోయిన ఆడది కొన్ని నెలలు ఎవరికీ ఎదురుపడకూడదని మా ఆచారం. పగలంతా వెనకగుమ్మంలో చేరగిలబడి కూర్చుని, ఎర్ర ధూళి పట్టిన తీగమీది బట్టల వైపు చూస్తూ ఉండేది. బట్టలు తియ్యమ్మా అని నేనంటే వినబడేది కాదు. ఒకరోజు పక్కింటావిడ అత్తతో అన్న మాట నా చెవిన పడింది. "ఈయమ్మ కూడా ఆయన ఎనకాలే ఎల్లిపోయేలాగుంది." నాన్న పోయినా ఆ కెమెరాలో ఉన్నారు, నవ్వుతూ ఉన్నారు. అమ్మ అందులో లేదు, తియ్యనివ్వలేదు కదా. అమ్మ కూడా పోతే నాకేం మిగులుతుంది? అమ్మను కూడా అందులో పెట్టేయాలి. పదేళ్ల బుర్రకు తోచింది అదే.

మర్నాడు మధ్యాహ్నం అలమార తెరిచాను. పట్టీకి తాడు లేదు. తాడు లేదంటే ఒకవైపు ఇంకా ఖాళీ అన్నమాట, అని నాకు నేను చెప్పుకున్నాను. చాలా ఏళ్లు ఆ మాటే చెప్పుకున్నాను. నేను కట్టిన మూడు ముడులు నాకు గుర్తులేవా? కత్తెర ఆడటం నా కళ్లతో చూడలేదా? తెలుసు. తెలిసే, దుప్పటి కప్పుకుని, చీకట్లో చుట్ట తిరగేసి, మూత బిగించాను. వేళ్లు ఒక్కసారి కూడా తడబడలేదు. పెరట్లో నీళ్లతొట్టి చాటున కూర్చుని, ఖనిజం వ్యాగన్ల రైలు వెళ్తున్న చప్పుడులో కీ తిప్పాను. ఆగిపోతే మళ్లీ తిప్పాను. బొట్టు లేని నుదురుతో, వెలిసిపోయిన తెల్లటి చీరలో అమ్మ ఎటో చూస్తూ ఉండిపోయింది. రెండు నిమిషాలూ అమ్మ కదల్లేదు.

అమ్మ బతికింది. మెల్లగా అన్నం తినడం మొదలుపెట్టింది. ఆమెను మళ్లీ అన్నం దగ్గరకు తెచ్చింది ఆ రీలే అంటే నమ్మండి. మావయ్య దాన్ని తీసి డబ్బాలో పెట్టి, బొంబాయి వెళ్లే ఎవరికో ఇచ్చి పంపాక, వారం వారం అడిగేది. "రీలొచ్చిందేట్రా? ఆ నవ్వు ఒక్కపాలి సూత్తే సాలు." పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ ఒక్క పూట తప్ప ఆయన అలా నవ్వడం తనూ చూడలేదంది. నేను ఆ మాటలు వింటూ వంటింట్లో నక్కేదాన్ని. రెండు బొమ్మలూ పక్కపక్కన వస్తాయేమో, దేవుడు ఏదో చేస్తాడేమో అనుకునేదాన్ని. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే అదే. అప్పుడే చెప్పి ఉంటే రెండు దెబ్బలతో పోయేది.

రీలు వచ్చింది. మావయ్య ఎవరో ఫోటో స్టూడియో ఆయన్ని బతిమాలి ప్రొజెక్టర్ తెచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడకు నాన్న తెల్ల పంచె బిగించాం. పెద్దత్త కూడా వచ్చింది. అమ్మ అన్ని నెలల తర్వాత తల దువ్వుకుని, ముందువరసలో చాప మీద కూర్చుంది.

ముందు సముద్రం వచ్చింది. ఆ సముద్రంలో మా వెనకగుమ్మం కూడా ఉంది. గుమ్మంలో అమ్మ. అమ్మలోంచి అల వచ్చి పోతోంది. నాన్న మూట మోసుకుంటూ పరిగెత్తారు. అమ్మ తెల్లచీర ఉన్నచోట ఆయన మాయమైపోయేవారు, గుమ్మం చీకటి ఉన్నచోట మళ్లీ కనిపించేవారు. నేను టోపీతో ఆయన వెనకే పరిగెత్తాను. పడ్డాం. ఆయన లేచి, చెయ్యి ఊపుతూ, ఎదురుగా వచ్చారు. ముఖం దగ్గరైంది, పెద్దదైంది. సరిగ్గా ఆ చోటులోనే అమ్మ ముఖం ఉంది. ఒకదాని మీద ఒకటి పడి రెండూ తెల్లబారిపోయాయి. ఆ నవ్వు ఎక్కడా లేదు. అమ్మ బోసి నుదురు మాత్రం అంతకుముందంతా అందరికీ కనిపించింది.

ప్రొజెక్టర్ టకటకమంటూ నడుస్తూనే ఉంది. పెద్దత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ గోడవైపు తిరిగే అడిగింది. "ఎవులు తీసినారు ఇది?"

మావయ్య నావైపు చూశాడు. చీకట్లో రీలు ఎక్కించగలిగేవాళ్లం ఆ ఇంట్లో ఇద్దరమే. నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను, ఆ సంగతి నాకు బాగా గుర్తు. మాట బయటికి రాకముందే ఆయన అనేశాడు. "నానే తీసినానక్కా. తెలీక మళ్లీ ఎక్కించేసినాను."

అమ్మ లేచి నిలబడింది. పంచె మీది బొమ్మ ఆమె వీపు మీద ఆడింది. "ఆయన నవ్వు పోతే పోయింది. నా ఖర్మ. నా బోడి నొసలు నీకు సినిమా అయిపోయిందేట్రా? దాక్కుని తీసినావా?" అంది. గొంతు పెంచలేదు. అంతే, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మిగిలిన సగం మేం ముగ్గురం చూశాం. రెండోవైపు అద్దంలా వచ్చింది. అందులో అలలున్నాయి, కొండ ఉంది, పీత ఉంది. నాన్న లేరు.

దుప్పట్లు విప్పుతున్నప్పుడు నేను మావయ్య చొక్కా పట్టుకుని ఏడిచాను. "సిన్నదానివి, నువ్వు ఓర్సుకోలేవు. నాను ఓర్సుకుంటాను. మీ అమ్మకి నువ్వు తప్ప ఎవులున్నారే," అన్నాడు. పది రోజుల్లో అక్క కోపం తగ్గుతుందని ఆయన అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. అమ్మ ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. ఒక్క మాట కూడా. రేవు నుంచి చేపలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవాడు, అమ్మ తీసుకుని వండేది, నా చేత ఆయన గదికి కూర పంపేది. అన్నం పెట్టడం మానలేదు, మాటే మానేసింది. రెండు వీధుల దూరం కూరగిన్నె పట్టుకుని నడిచింది నేను. కెమెరాను ఆయన ఎవరో నావికుడికి ఊరికే ఇచ్చేశాడు.

నా పెళ్లికి గంప ఎత్తాల్సింది మేనమామ. ఆచారానికి అమ్మ అడ్డురాలేదు, ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంది. నన్ను గంపలో కూర్చోబెట్టి, చేతిలో కొబ్బరిబోండం పెట్టడానికి మావయ్య వంగినప్పుడు, ఈ పూట అమ్మకు చెప్పేస్తానని ఆయన చెవిలో అన్నాను. ఆయనకప్పటికే చెంపలు నెరిశాయి. "ఇన్నేళ్లకి సెప్తే అక్కకి నాను తిరిగొత్తానేటే? నువ్వు కూడా పోతావు. ఊరుకో," అని గంప ఎత్తాడు. ఊరుకున్నాను. ఊరుకోమన్నది ఆయన కదా అని ఇంకొన్నేళ్లు నెట్టుకొచ్చాను. పిరికివాళ్లకు అనుమతి దొరికితే అంతకన్నా ఏం కావాలి?

ఎనభైల చివర్లో ఒక పొద్దున రేవులో నీళ్లగొట్టం పట్టుకునే కుప్పకూలి ప్రాణం వదిలాడు మావయ్య. ఆయన్ని గదికి తెచ్చి పడుకోబెట్టారు. కబురు తెలిసి అమ్మ చెప్పుల్లేకుండా నడుచుకుంటూ వచ్చింది. ఆ గదిలో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. ఆయన తల దగ్గర కూర్చుని, జుట్టు సవరించి, అన్నేళ్ల తర్వాత తమ్ముడితో మాట్లాడింది. "సెప్పి తీసుంటే సీర మార్సుకుని కూకునేదాన్ని కదరా. మంచి సీర కట్టుకుని కూకునేదాన్ని కదరా." అదే మాట మళ్లీ మళ్లీ అంటూ ఏడిచింది. నేను ఆమె భుజం పట్టుకుని పక్కనే ఉన్నాను. ఇక నన్ను ఊరుకోమనేవాళ్లు ఎవరూ లేరు. ఆయనకు ఇక పోయేదేమీ లేదు. అమ్మకు తెలిస్తే, కనీసం తన తమ్ముడు తనకు దొరికేవాడు. ఇవన్నీ ఆ క్షణంలోనే నాకు తోచాయి. అయినా నేను చెప్పలేదు. ఆ తర్వాత అమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది. అప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

దీన్ని మావయ్య మంచితనం కథగా నేను ఎవరికైనా చెబితే అందరూ కళ్లు తుడుచుకుంటారు. ఆయన మంచివాడే, అందులో సందేహం లేదు. కానీ ఆ మంచితనం అమ్మకు తమ్ముణ్ని లేకుండా చేసింది, ఆయనకు అక్కను లేకుండా చేసింది. నన్ను కాపాడిందా అంటే అదీ లేదు. తప్పు ఆయన తల మీదకు పోయింది గానీ నా తల మీంచి దిగలేదు. పిల్లల తప్పును పెద్దలు మోయకూడదని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన నేర్పాలనుకున్నది అది కాదని తెలుసు.

రీలు నా బీరువాలో, తుప్పు పట్టిన డబ్బాలో ఉంది. నడిపే యంత్రం లేదు, ఉన్నా నేను చూడను. అంత నేర్చుకున్నా, మా ఇంట్లో గ్లాసు పగిలినా, పాలు పొంగిపోయినా, ఎవరు చేశారని అడిగే లోపే నేనే అంటాను. నేను ఇంట్లో లేనప్పుడు జరిగినవాటికి కూడా. అమ్మమ్మకు చాదస్తమని మనవలు నవ్వుతారు. నవ్వనీ. ఆ రోజు ఆ గదిలో మావయ్య నాకన్నా ఒక్క క్షణం ముందు మాట అనేశాడు. ఆ ఒక్క క్షణాన్ని అందుకోవాలని ఇప్పటికీ నాకు తొందర. వినాల్సిన మనిషి మాత్రం ఆ చాప మీంచి ఎప్పుడో లేచి వెళ్లిపోయింది.